ఎంఆర్ఐ రాశారా? వెళ్లే ముందు, లోపల ఉన్నప్పుడు, రిపోర్టు చేతికొచ్చాక మీరు చేయాల్సినవి

మా సెంటర్‌కి రోజూ వచ్చే ఫోన్లలో అడిగేవి దాదాపు ఇవే. "తాళి తీయాలా అండీ?" "పరగడుపున రావాలా?" "మా నాన్నగారికి స్టెంట్ వేశారు, చేయొచ్చా?" రెండు రోజులు పోయాక ఇంకో ఫోను: "రిపోర్టులో డిస్క్ బల్జ్ అని రాశారు, ఆపరేషన్ తప్పదా?" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త ఉబ్బడాన్ని అలా అంటారు.) నేను ఎంఆర్ఐ మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాను. జబ్బుకు మందు చెప్పలేను గానీ స్కాన్ పనికొచ్చేలా, ప్రమాదం లేకుండా ఎలా చేయించుకోవాలో చెప్పగలను. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పలేక మింగేసేదంతా ఇక్కడ రాస్తున్నాను.

మిషన్ గురించి తెలియాల్సింది కొంచెమే. అది పెద్ద అయస్కాంతం. దాని బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఎక్కువ సెంటర్లలో ఉండేది 1.5 టెస్లా, కొన్నిచోట్ల 3 టెస్లా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. ఎక్స్‌రేలో, సీటీలో ఉండే రేడియేషన్ ఇందులో ఉండదు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఈ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ జరగకపోయినా, శబ్దం రాకపోయినా, చివరికి కరెంటు పోయినా ఆగదు.

వెంట తీసుకెళ్లాల్సినవి

- డాక్టర్ రాసిన చీటీ. ఏ భాగం, ఏ అనుమానంతో, ప్లెయినా (మందు ఎక్కించకుండా) కంట్రాస్టా (నరానికి మందు ఎక్కించి) అన్నవి అందులో ఉండాలి
- అదే భాగానికి ఇంతకుముందు తీసిన స్కాన్ల సీడీలు, ఫిల్ములు, రిపోర్టులు
- ఎప్పుడైనా ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఇంప్లాంట్ కార్డు (ఒంట్లో అమర్చిన పరికరం వివరాలున్నది)
- కంట్రాస్ట్ రాస్తే ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష)
- వాడుతున్న మందుల చీటీ
- పేషెంటు పాత ఆపరేషన్ల సంగతి తెలిసిన మనిషి ఒకరు. పెద్దవాళ్లను తీసుకొస్తుంటే ఇది అన్నిటికంటే ముఖ్యం

1. ఈ స్కాన్‌తో ఏం తేల్చాలో డాక్టర్‌ని అడగండి

మొహమాటపడకండి. "డాక్టర్‌గారూ, ఇందులో ఏం చూడాలనుకుంటున్నారు? అది తెలిశాక వైద్యం ఏమైనా మారుతుందా?" ఈ రెండు ప్రశ్నలు చాలు. జవాబును చీటీ మీదే రాయించుకోండి. చీటీ మీద "ఎంఆర్ఐ బ్రెయిన్" అని మాత్రమే ఉంటే మేం మామూలు వరసల్లో (ఒక్కో రకం బొమ్మల సెట్టును వరస అంటాం) తీసి పంపిస్తాం. "మూర్ఛలు వస్తున్నాయి, ఎడమ చెయ్యి ముందు కొట్టుకుంటోంది" అని ఉంటే అదే మెదడును వేరే కోణంలో, సన్నటి పొరలుగా తీస్తాం. చీటీ మీద ఆ ఒక్క వాక్యం లేక, మళ్లీ డబ్బు కట్టి రెండోసారి వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఎంఆర్ఐ నిజంగా దారి చూపించే సందర్భాలు కొన్ని చెబుతాను. మీ డాక్టర్ ఎందుకు రాశారో అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి.

పక్షవాతం: మెదడులో రక్తం గడ్డ అడ్డుపడితే తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే వరసలో ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉన్న మనిషికి ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు? అలాంటప్పుడు ఎంఆర్ఐలో రెండు వరసల మధ్య తేడా చూసి, ఇంజెక్షన్ ఇవ్వొచ్చో లేదో డాక్టర్లు నిర్ణయించగలుగుతున్నారు. అయితే ఒక హెచ్చరిక: మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా స్కాన్ సెంటర్లు వెతుక్కుంటూ తిరగకండి. నేరుగా స్ట్రోక్ వైద్యం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. అక్కడ ముందు సీటీ తీసి, రక్తస్రావం ఉందా లేదా చూస్తారు. అదే సరైన పద్ధతి.

వెన్నెముక టీబీ: మన దగ్గర తక్కువేం కాదు. ఎముకను బాగా తినేశాక గానీ ఎక్స్‌రేలో బయటపడదు. ఎంఆర్ఐలో తొలిదశలోనే తెలుస్తుంది, చీము ఎక్కడిదాకా పాకిందో, వెన్నుపాము నలుగుతోందో లేదో కూడా కనిపిస్తుంది. మందులు పనిచేస్తున్నాయా అని మధ్యలో మళ్లీ తీయించడం కూడా ఇందుకే.

పైత్యనాళంలో రాళ్లకు ఎంఆర్‌సీపీ అని రాస్తారు. ఇంజెక్షన్ లేకుండా పైత్యరసమే తెల్లగా చెట్టుకొమ్మల్లా కనిపిస్తుంది. ఫిస్టులా, అంటే మలద్వారం పక్కన చీముదారి పడే, పెద్దవాళ్లు భగందరం అనే జబ్బులో, లోపలి దారి ఎటు తిరిగి ఎక్కడ తెరుచుకుందో ముందే చూపిస్తుంది. ఒక కొమ్మ వదిలేసి ఆపరేషన్ చేస్తే మళ్లీ తిరగబెడుతుంది కాబట్టి సర్జన్‌కు ఇది మ్యాపులాంటిది. ప్రోస్టేట్‌లో ఎక్కడ సూది గుచ్చి ముక్క తీయాలి, పురీషనాళం క్యాన్సర్‌లో ముందు రేడియేషన్ ఇవ్వాలా ముందు ఆపరేషనా అన్నవి కూడా దీన్ని చూసే తేలుస్తారు. మోకాలి లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే కట్లు, తెగాయేమో చూడటానికీ ఇదే.

ఇప్పుడు అక్కర్లేనిచోట్లు. తలకు దెబ్బ తగిలిన తొలి గంటల్లో సీటీయే కావాలి. కిడ్నీలో రాళ్లకు, చాలావరకు ఊపిరితిత్తుల జబ్బులకూ అంతే. ఇక నడుంనొప్పి. కొత్తగా వచ్చిన మామూలు నడుంనొప్పి చాలామందికి ఆరు వారాల్లో తగ్గుముఖం పడుతుంది, అప్పటిదాకా స్కాన్ అవసరం పడదు. కానీ కాలు బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా లేదా తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోయినా ఒక్కరోజు కూడా ఆగొద్దు, అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ ఉండటం, పెద్ద దెబ్బ తగలడం వంటివి ఉన్నా ఆరు వారాలు చూడకుండా డాక్టర్‌కు చెప్పండి.

2. ఒంట్లో ఉన్న లోహం గురించి మొత్తం చెప్పండి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్లో చెప్పండి. వచ్చాక చెబితే ఆ రోజు స్కాన్ జరక్కపోవచ్చు.

గుండె స్టెంట్: భయం లేదు, వేసిన కొద్దిరోజులకే అయినా చేయొచ్చు. కృత్రిమ గుండె వాల్వులు కూడా దాదాపు అన్నీ ఫర్వాలేదు. అయినా కాగితం తీసుకురండి.

పేస్‌మేకర్: ఇదే జాగ్రత్త. ఎంఆర్ఐకి తగినట్టు తయారైన పేస్‌మేకర్లు ఇప్పుడు వస్తున్నాయి, పాతవాటిలో చాలావరకు అలాంటివి కావు. తగినదే అయినా స్కాన్‌కు ముందు గుండె డాక్టర్ దాన్ని ప్రత్యేక సెట్టింగులో పెట్టాలి, అయ్యాక మళ్లీ మామూలు సెట్టింగుకు మార్చాలి. "రెండేళ్ల క్రితమే వేశారు, కొత్తదే" అన్న మాట మీద మేం లోపలికి పంపం. కార్డు మీద మోడల్ నంబరు కావాలి.

మెదడులో ఉబ్బిన రక్తనాళానికి వేసిన క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్: వీటికీ మోడల్ తెలియాల్సిందే.

కాళ్లూ చేతుల్లో వేసిన రాడ్లు, ప్లేట్లు, మార్చిన మోకాళ్లు: ఎక్కువగా అయస్కాంతానికి అంటుకోని లోహాలవే, సాధారణంగా ప్రమాదం లేదు. కాకపోతే ఆ పక్కన బొమ్మ చెదిరిపోతుంది. పళ్లకు కట్టిన క్లిప్పులూ అంతే, ముఖం, మెదడు ముందుభాగం సరిగా రావు. కాపర్-టీ ఉన్నా చేయించుకోవచ్చు.

అందరూ మరిచిపోయేది కన్ను. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెల్డింగ్, గ్రైండింగ్, లేత్ పనిచేసినవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఎప్పుడో కంట్లో ఇనుప రజను పడి ఉంటుంది. తీయించుకున్నాం అనుకుంటారు, చిన్న తునక లోపల ఉండిపోవచ్చు. అయస్కాంతం దగ్గర అది కదిలితే చూపే పోతుంది. ఒకసారి ఓ పెద్దాయన ఫారంలో అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేశారు. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చూసి, "ఏం పని చేసేవారు బాబాయ్?" అని అడిగాను. "ముప్పై ఏళ్లు గ్రైండింగే నాయనా" అన్నారు. కంటికి ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదు, స్కాన్ చేశాం. ఐదు నిమిషాల పని అది. ఫారం మీద టిక్కులు పెట్టే ముందు ఒక్కో ప్రశ్నా పేషెంటుకు చదివి వినిపించండి.

3. కంట్రాస్ట్ రాస్తే మూడు విషయాలు చూసుకోండి

చేతి నరానికి ఎక్కించే ఈ మందు గాడోలినియంతో చేసింది. గడ్డలు, ఇన్ఫెక్షన్లు, కొన్ని రక్తనాళాల జబ్బులు స్పష్టంగా తెలియడానికి ఇస్తారు. సీటీలో ఇచ్చే అయోడిన్ మందు వేరు, ఇది వేరు. అయినా సీటీ అప్పుడు దద్దుర్లు వచ్చి ఉంటే తప్పక చెప్పండి.

కిడ్నీలు: క్రియాటినిన్ నుంచి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే తక్కువ ఉన్నవాళ్లలో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో పాతరకం మందులతో చర్మం గట్టిపడిపోయే అరుదైన జబ్బు వచ్చింది. ఇప్పటి మందుల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా నిర్ణయం రేడియాలజిస్టుది. మీరు చేయాల్సింది కిడ్నీ జబ్బు ఉందని దాచకపోవడం.

గర్భం: అవసరమైతే ప్లెయిన్ ఎంఆర్ఐ చేస్తారు, గాడోలినియం మాత్రం వీలైనంతవరకు ఇవ్వరు. నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా చెప్పండి. అందరి ముందూ చెప్పడానికి సిగ్గయితే సిస్టర్‌ని పక్కకు పిలిచి చెప్పండి.

పాలిచ్చే తల్లులు: పాలు పిండి పారబోయాల్సిన పని లేదు. పాలలోకి వెళ్లేది అతి స్వల్పం. బిడ్డకు పాలు మానిపించి ఏడిపించకండి.

4. తిండి, మందులు

మెదడు, వెన్ను, మోకాలు, ప్లెయిన్ అయితే మామూలుగా తిని రండి. పొట్ట స్కాన్‌కు, ఎంఆర్‌సీపీకి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. కంట్రాస్ట్ అయితే చాలా సెంటర్లు నాలుగు గంటలు ఆగమంటాయి. మీ సెంటర్ చెప్పిందే పాటించండి. బీపీ, ఫిట్స్, గుండె మాత్రలు ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్లు తినకుండా ఇన్సులిన్ వేసుకుని వచ్చి, వెయిటింగ్ హాల్లో చెమటలు పట్టి పడిపోవడం నేను చూశాను. తినకూడని స్కాన్ అయితే పొద్దున మొదటి స్లాటు అడగండి, ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అన్నది మీ డాక్టర్‌తో ముందురోజే మాట్లాడుకోండి.

చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి తీస్తుంటే లెక్క కచ్చితం: గట్టి ఆహారం ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు ముందు ఆపాలి. పాపం ఏడుస్తోందని నానమ్మ రెండు బిస్కెట్లు పెట్టేసిన రోజులున్నాయి. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టి ఉంటే పెట్టామని చెప్పండి, ఎవరూ తిట్టరు, వాయిదా వేస్తారంతే.

5. ఒంటి మీదవి తీసేయండి, ఇంట్లోనే

తాళి సంగతి ముందు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. కానీ అందులో కలిపిన లోహం, కొక్కెం ఎలాంటివో తెలియదు, వేడెక్కుతాయి, మెడ బొమ్మ పాడవుతుంది. ఒకావిడ డెబ్బై ఏళ్లుంటాయి, తాళి తీయమంటే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ కోడలు ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్లి పసుపుకొమ్ము, దారం తెచ్చింది. మెడలో పసుపుతాడు కట్టి, తర్వాతే సూత్రాల గొలుసు తీసి కొంగులో ముడి వేసుకుంది. ఇప్పుడు ఫోన్ చేసినవాళ్లకు ముందే చెబుతున్నాను: ఇంటి దగ్గరే పసుపుతాడు కట్టుకుని రండి.

మరిచిపోయేవి ఇవి: మెట్టెలు, ముక్కుపుడక, వెండి మొలతాడు, తాయెత్తు, జాకెట్టు పిన్నీసు, జడలోని హెయిర్‌పిన్నులు, లోదుస్తుల హుక్కులు, కట్టుడు పళ్లు, వినికిడి మిషన్, కళ్లకు కాటుక మస్కారా. జరీ చీరలో, కొన్ని క్రీడాదుస్తుల్లో సన్నటి లోహపు పోగు ఉంటుంది, ఒంటికి ఆనుకుని కాలుస్తుంది. అందుకే గౌను ఇస్తాం. "చీర మీదే పడుకుంటాను" అని పట్టుబట్టకండి. నొప్పికి, గుండెకు, సిగరెట్ మానడానికి చర్మం మీద అంటించే మందు పట్టీల వెనక లోహపు పొర ఉండొచ్చు, ముందే చూపించండి. ఇన్సులిన్ పంపు, చేతికి పెట్టుకునే షుగర్ సెన్సర్ సాధారణంగా తీసేయాలి. వేలికి బిగుసుకుపోయిన ఉంగరం ఉంటే ముందురోజు సబ్బునీళ్లతో ప్రయత్నించండి, రాకపోతే మాకు చూపించండి.

6. తోడు వచ్చినవాళ్లకు

ఇది పేషెంటుకు కాదు, మీకు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో బంధువుకు తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి వెళ్లాడు. మిషన్ ఆపి ఉందనుకున్నారు. అయస్కాంతం సిలిండర్‌తోపాటు అతన్నీ లాగేసింది, ప్రాణం పోయింది. 2025 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలో మోకాలి స్కాన్ అయిన భార్యను లేపడానికి గదిలోకి వెళ్లిన భర్త, మెడలో ఉన్న దాదాపు 9 కిలోల లోహపు గొలుసు వల్ల చనిపోయాడు. ఈ రెండుచోట్లా చనిపోయింది పేషెంటు కాదు.

కాబట్టి స్కాన్ అయిపోయినా, తలుపు తెరిచి ఉన్నా, అమ్మ పిలిచినా, మేం చెప్పేదాకా గడప దాటొద్దు. వీల్‌చైర్, స్ట్రెచర్, సిలిండర్, చేతికర్ర, తాళాలు, ఫోను, చిల్లర ఏవీ లోపలికి రాకూడదు. ఏటీఎం కార్డు పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, తాళాల గుత్తి ఎగిరి పేషెంటు కంటికి తగిలితే ఏం చేస్తాం?

7. లోపల

స్కాన్‌కు ముందు మూత్రానికి వెళ్లి రండి. బల్ల మీద పడుకోబెట్టి చెవులకు రక్షణ ఇస్తాం, చేతికి ఒక రబ్బరు బంతి ఇస్తాం. ఇబ్బందైతే అది నొక్కండి, మేం ఆపి వస్తాం. రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు, డ్రిల్లింగ్ చేస్తున్నట్టు శబ్దాలు వస్తాయి, మధ్యలో ఆగుతాయి. ఆగితే అయిపోయినట్టు కాదు, వరస మారుతోందని అర్థం. ఆ సందులోనే చాలామంది కదులుతారు. 20 నుంచి 45 నిమిషాలు పట్టొచ్చు.

చేతివేళ్లు పెనవేసుకోవద్దు, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయొద్దు. చర్మం చర్మానికి తగిలి వలయంలా అయితే అక్కడ కాలే ప్రమాదం ఉంది. ఒంట్లో కొంచెం వెచ్చగా అనిపించడం మామూలే, ఒకేచోట చురుక్కుమంటే మాత్రం బంతి నొక్కండి.

ఊపిరాడదేమో అన్న భయం ఉంటే సిగ్గుపడకుండా ముందే చెప్పండి. లోపలికి వెళ్లే ముందే కళ్లు మూసుకుని మీద గుడ్డ వేయించుకోండి, మొత్తం అయ్యేదాకా తెరవకండి. ఇది చాలామందికి పనిచేస్తుంది. గొట్టం రెండువైపులా తెరిచే ఉంటుంది, లైటు, గాలి ఉంటాయి. మోకాలికైతే కాళ్ల వైపునుంచి పంపిస్తాం, తల బయటే ఉంటుంది. అయినా కుదరకపోతే డాక్టర్ సలహాతో కొద్దిపాటి మత్తు. ఆ రోజు బండి నడపకూడదు.

8. ఫిల్ములు తీసుకునేటప్పుడే సరిచూసుకోండి

కౌంటర్ దగ్గరే నిలబడి కవరు విప్పండి. పేరు, వయసు, తేదీ మీవేనా? చీటీలో రాసిన భాగమే తీశారా? కుడి మోకాలు రాస్తే రిపోర్టులో కుడి అనే ఉందా? కంట్రాస్ట్ ఇచ్చారా, ఇచ్చినట్టు రాశారా? "కదలిక వల్ల స్పష్టత లేదు" అని రిపోర్టులో ఉంటే మళ్లీ తీయాలా అని అక్కడే అడగండి.

సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి. ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఫిల్ము పట్టుకుని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ నమ్మకంగా చెప్పలేరు. ఫిల్ము మీద ఉండేది ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే, సీడీలో మొత్తం ఉంటాయి. ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి, ఖాళీ సీడీ వస్తే వెంటనే మార్పించుకోవచ్చు.

9. రిపోర్టు చదివి బెంబేలెత్తకండి

చివర్న "ఇంప్రెషన్" అని ఉంటుంది. ముందు అది చూడండి. మెదడు, వెన్ను, నడుము ఏదైనా సరే, వయసుతో వచ్చే మార్పులు కూడా రిపోర్టులో రాస్తారు, రాయాలి కూడా. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కాన్లను కలిపి చూసిన అధ్యయనంలో 20 ఏళ్లవాళ్లలో దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. అందుకని బల్జ్ అన్న మాట ఒక్కటే చూసి ఆపరేషన్‌కు పరుగెత్తకండి.

ఇంట్లో మీరు చేయగల పరీక్ష ఒకటుంది. ఒక కాగితం మీద మీ బాధ రాయండి: ఏ వైపు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతోంది, ఏ వేలు మొద్దుబారింది. రిపోర్టులో నరం నలుగుతోందని రాసిన వైపు, మీ బాధ వైపు ఒకటేనా? ఎడమకాలు లాగుతుంటే రిపోర్టులో కుడివైపు నరం అని ఉంటే, ఆ డిస్క్ మీ నొప్పికి కారణం కాకపోవచ్చు. ఆ కాగితం, రిపోర్టు రెండూ డాక్టర్ ముందు పెట్టి ఇదే ప్రశ్న అడగండి. బయటకు జారిన పెద్ద డిస్కులు కూడా చాలామందిలో నెలల్లో వాటంతటవే కుంచించుకుపోతాయి.

"వెన్నుపాము మీద ఒత్తిడి", "చీము", "కొత్త ఇన్‌ఫార్క్ట్" (రక్తం అందక దెబ్బతిన్న చోటు), "గడ్డ ఉందని అనుమానం" లాంటి మాటలుంటే మాత్రం వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. "క్లినికల్ కొరిలేషన్" అని ఉంటే భయపడాల్సింది లేదు. పేషెంటును పరీక్షించిన డాక్టరే దీన్ని లక్షణాలతో కలిపి చూడాలని దానర్థం.

రిపోర్టు, సీడీ, ఫిల్ములు ఒకే కవర్లో పెట్టి, పైన తేదీ, శరీర భాగం పెద్ద అక్షరాలతో రాయండి. ఫిల్ములు మడతపెట్టకండి, ఎండ తగిలే కిటికీ దగ్గర, అటక మీద రేకు కింద పెట్టకండి. బీరువాలో చీరల అడుగున బల్లపరుపుగా పెడితే ఏళ్లు ఉంటాయి. మళ్లీ స్కాన్‌కు వచ్చేటప్పుడు ఆ కవరు చేతిలో ఉంటే, గడ్డ పెరిగిందా తగ్గిందా అన్నది రేడియాలజిస్ట్ పక్కపక్కన పెట్టి కొలిచి చెప్పగలుగుతారు.